ఏబీఎస్ లైటు వెలగ్గానే యూనిట్ మార్చేయకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఏబీఎస్ లైటు గురించే, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు నొక్కినా చక్రాలు జామ్ అయి జారిపోకుండా చూసే ఏర్పాటు. దాని పంపు మోటారు, వాల్వులు, కంప్యూటర్ కలిసి బానెట్ కింద ఉండే పెట్టెనే యూనిట్ అంటారు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అప్పటిదాకా ఖరీదైన మోడళ్లలోనే ఎక్కువగా కనిపించిన ఈ పసుపు లైటు చిన్న కార్ల మీటర్ బోర్డుల్లోకి కూడా వచ్చింది, ఆ బళ్లు పాతబడుతున్న కొద్దీ వెలగడం మొదలవుతోంది. ఉత్తరాలన్నీ చదివాక నాకు బాధ కలిగింది ఒక్క విషయంలో. చాలామందికి షెడ్డులో చెప్పిన మొదటి మాటే "యూనిట్ పోయింది, మార్చాలి" అని. ఏం కొలిచి ఆ మాట చెప్పారో ఏ ఉత్తరంలోనూ లేదు. నేను చూసినంతవరకు ఈ లైటు వెనకాల ఉండేది ఎక్కువసార్లు చక్రం దగ్గరి చిన్న లోపం, యూనిట్‌ని అనుమానించాల్సింది అన్నీ అయిపోయాక చివర్లో.

ప్రశ్న: నమస్తే అన్నా. మాది 2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు ఎడమ చక్రం నుంచి హూ అని మోత వస్తుంటే మా దగ్గరి షెడ్డులో బేరింగ్ మార్పించాను. మోత పోయింది కానీ రోడ్డెక్కగానే ఏబీఎస్ లైటు వెలిగింది, ఇక ఆరలేదు. మళ్లీ తీసుకెళ్తే సెన్సర్ అన్నారు, కొత్తది వేశారు, లైటు అలాగే ఉంది. ఇప్పుడు యూనిటే పోయింది, 40 వేలు అవుతుంది అంటున్నారు. నిజంగా పోయి ఉంటుందా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, ఆ 40 వేలు ఇప్పుడే పెట్టకండి. బేరింగ్ మార్చిన రోజే లైటు వెలిగిందంటే ముందు ఆ చక్రం దగ్గరే వెతకాలి, బానెట్ కింద కాదు. నా అనుమానం మీ బేరింగ్ తిరగేసి ఎక్కించారని.

పాత కార్లలో సెన్సర్ ఎదురుగా పళ్ల రింగు ఒకటి కంటికి కనిపించేలా ఉండేది. ఈమధ్య కార్లలో చాలావాటికి అది విడిగా ఉండదు. బేరింగ్‌కి ఒక పక్కనున్న సీలులోనే, నల్లటి రబ్బరులాంటి పట్టీలో, అయస్కాంతపు ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉంటాయి. చూడ్డానికి మామూలు సీలులాగే ఉంటుంది. చక్రం తిరుగుతుంటే ఆ ధ్రువాలు సెన్సర్ ముందు నుంచి ఒక్కొక్కటిగా వెళ్తాయి, ఆ లెక్కే ఏబీఎస్‌కి చక్రం వేగం. బేరింగ్‌ని తిరగేసి ప్రెస్ చేశారనుకోండి, ఆ పట్టీ సెన్సర్‌కి దూరంగా అవతలి వైపుకి పోతుంది, సెన్సర్ ముందుకి ఉత్త సీలు వస్తుంది. బండి హాయిగా నడుస్తుంది, మోత కూడా ఉండదు, కాకపోతే సెన్సర్ లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ లేదు. కొత్త సెన్సర్ కాదు కదా, పది సెన్సర్లు మార్చినా ఆ లైటు ఆరదు.

ఓసారి ఒక షెడ్డులో అచ్చం ఇదే గొడవ జరుగుతుంటే నేను అక్కడే ఉన్నాను. బేరింగ్ వేసిన కుర్రాడు "రెండు పక్కలా ఒకటే కదన్నా" అని అదే రకం కొత్త బేరింగ్ ఒకటి పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనున్న బిల్లు పుస్తకంలోంచి స్టాప్లర్ పిన్ను ఒకటి పీకి, బేరింగ్‌ని నిలబెట్టి ఒక పక్క ఆనించాం, జారి కిందపడింది. రెండో పక్క ఆనిస్తే సన్నగా అతుక్కుని అలాగే ఉండిపోయింది. కుర్రాడు దాన్ని గోటితో తీసి మళ్లీ పెట్టి, మళ్లీ తీసి పెట్టి చూసుకున్నాడు. అప్పటిదాకా ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అతని తప్పు అనడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే పాత బేరింగులన్నీ నిజంగానే రెండు పక్కలా ఒకేలా ఉండేవి, వాటితో నేర్చుకున్న చేతులవి.

మీ కారులో ఇలా తేల్చుకోండి. ముందు సెన్సర్ కప్లర్, అంటే వైర్లు కలిపే ప్లగ్గు, సరిగ్గా టక్కుమని పడిందో లేదో, బేరింగ్ పనిలో వైరు లాగినట్టు గానీ నలిగినట్టు గానీ ఉందో చూడమనండి, ఇది రెండు నిమిషాల పని. తర్వాత ఏబీఎస్ చదవగలిగే స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు, అంకెలు చూపించే పరికరం) పెట్టించి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని గంటకు 20 కిలోమీటర్ల వేగంలో నడుపుతూ నాలుగు చక్రాల వేగాలూ తెర మీద చూడండి. మూడు 20 చూపిస్తూ ఎడమ ముందుది ఒక్కటే సున్నా దగ్గర కూర్చుంటే, కప్లర్ విప్పి ఇగ్నిషన్ ఆన్ చేసి వైరింగ్ వైపు వోల్టేజి కొలవమనండి. చాలా కార్లలో బ్యాటరీ వోల్టేజికి దగ్గరగా రావాలి. అది వస్తోంది, సెన్సర్ కొత్తది, అయినా సున్నాయే అంటే ఇక మిగిలింది బేరింగే. చక్రం విప్పి, సెన్సర్ తీసి, పేపర్ క్లిప్పుకి దారం కట్టి ఆ రంధ్రంలోంచి దించి చూడమనండి. పట్టీ సెన్సర్ వైపే ఉంటే క్లిప్పు దాని మీదికి లాగుతుంది, లాగకపోతే బేరింగ్ తిరగబడినట్టే. దారం ఎందుకంటే క్లిప్పు లోపల పడిపోతే ఇంకో తలనొప్పి.

తిరగబడిందని తేలితే అదే బేరింగ్‌ని తీసి తిప్పి వేయనివ్వకండి. ప్రెస్ పెట్టి బయటికి తోసేటప్పుడు ఆ ఒత్తిడంతా లోపలి గుండ్ల మీద పడి, వాటి దారుల్లో సొట్టలు పడతాయి, కొన్నాళ్లకి మళ్లీ అదే మోత. కొత్త బేరింగే వేయాలి, పట్టీ సెన్సర్ వైపు ఉండాలి, ప్రెస్ చేసేటప్పుడు బయటి రింగు మీదే ఆనించాలి, పట్టీ ఉన్న ముఖం మీద సుత్తి తగలకూడదు. వేసేదాకా బేరింగ్‌ని పాత స్పీకర్ల అయస్కాంతాల పక్కన, బోల్టులు పెట్టుకునే అయస్కాంతపు గిన్నెల్లో పెట్టకూడదు. కోడ్ చెరిపేసి కొంచెం దూరం నడిపితే లైటు ఆరిపోవాలి. షెడ్డు వాళ్లతో గొడవ పడకుండా పిన్ను పెట్టి చూపించండి. పని మీద మర్యాద ఉన్నవాళ్లయితే ఆ బేరింగ్ ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు.

ప్రశ్న: సార్, మా సెడాన్ 2012ది. లైటేమీ వెలగదు, వేగంగా వెళ్లేటప్పుడు బ్రేకులు బాగానే పడతాయి. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగబోయే చివరి క్షణంలో మాత్రం పెడల్ కింద గరగరమని అదిరి, బండి ఇంకో మూరెడు ముందుకి జారుతుంది. రోడ్డు పొడిగానే ఉంటుంది. ప్యాడ్లు మార్పించాను, డిస్కులు చెక్కించాను, తగ్గలేదు. ముందున్న ఆటోకి తగిలిస్తానేమోనని రోజూ టెన్షన్. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మేడమ్, మీ టెన్షన్ న్యాయమైనది, దీన్ని వాయిదా వేయకండి. ప్యాడ్ల తప్పు కాదిది. ఏబీఎస్ అవసరం లేని చోట పనిచేస్తోంది.

1978లో బాష్ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చినప్పటి నుంచి ఈ రోజు దాకా దాని ఆలోచన ఒకటే: బ్రేకు నొక్కినప్పుడు ఏదైనా చక్రం మిగతావాటికంటే హఠాత్తుగా వేగం కోల్పోతే అది జామ్ అయి జారుతోందని అర్థం, కాబట్టి ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడి తగ్గించాలి. అయితే కంప్యూటర్‌కి చక్రం కనిపించదు, సెన్సర్ చెప్పిన మాటే నమ్ముతుంది. మీ కారు వయసు చూస్తే పాత రకం సెన్సర్, పళ్ల రింగు ఉండే అవకాశం ఎక్కువ. ఆ రకం సెన్సర్ తనంతట తాను కరెంటు పుట్టిస్తుంది, చక్రం ఎంత వేగంగా తిరిగితే అంత బలంగా, మెల్లగా తిరిగితే అంత బలహీనంగా. రింగుకీ సెన్సర్‌కీ మధ్య సందు మామూలుగా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొర పెరిగి దాన్ని కాస్త పైకి ఎత్తినా, రింగు ఒకచోట చిట్లినా, కొసకి ఇనుప పొడి పట్టినా, మెల్లటి వేగంలో ఆ సిగ్నల్ ముందే చచ్చిపోతుంది. బండి ఇంకా గంటకు పది కిలోమీటర్ల వేగంలో ఉండగానే "చక్రం ఆగిపోయింది" అన్న మాట కంప్యూటర్‌కి చేరుతుంది. వెంటనే అది ఆ చక్రానికి బ్రేకు వదిలేస్తుంది. మీరు చెప్పిన గరగర, ఆ మూరెడు జారడం, రెండూ అదే. వైరు తెగలేదు, ఏదీ షార్ట్ అవలేదు కాబట్టి లైటు వెలగడం లేదు.

నిర్ధారణ కోసం ఒక పని చేయొచ్చు కానీ ఖాళీ మైదానంలో మాత్రమే, మెల్లటి వేగంలో మాత్రమే. ఏబీఎస్ ఫ్యూజు తీసి నాలుగైదుసార్లు ఆపి చూడండి. గరగర పూర్తిగా పోతే దోషం ఏబీఎస్ లెక్కలోనే ఉంది. ఫ్యూజు వెంటనే తిరిగి పెట్టేయండి, అది లేనప్పుడు వెనక చక్రాల బ్రేకు ఒత్తిడిని అదుపు చేసే ఈబీడీ కూడా పనిచేయదు, అలా రోడ్డు మీదికి వెళ్లకూడదు. తర్వాత స్కానర్ పెట్టి మెల్లగా ఆగుతూ నాలుగు వేగాల్లో ఏది ముందుగా సున్నాకి పడిపోతోందో చూడమనండి. ఆ చక్రం విప్పితే కథ కళ్ల ముందే ఉంటుంది. రింగుని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పుతూ, టార్చి వేసి ప్రతి పన్నూ చూడాలి. చిట్లినచోట రెండు పళ్ల మధ్య ఖాళీ మిగతావాటికంటే వెడల్పుగా కనిపిస్తుంది, గోరు పెడితే దిగుతుంది. యాక్సిల్ మీద రింగు ఉన్న కార్లలో తుప్పు లోపలి నుంచి ఉబ్బి రింగుని పగలగొడుతుంది, ఇది చాలా మామూలు. అప్పుడు రింగు మార్చాలి. పగుళ్లు లేకపోతే సెన్సర్ తీసి కొసని గుడ్డతో తుడిచి, అది కూర్చునే చోట తుప్పుని బ్రష్‌తో గీకి శుభ్రం చేసి మళ్లీ బిగిస్తే చాలావరకు సరిపోతుంది. ఈ రెండో పనికి అయ్యే ఖర్చు చేతి కూలీయే. ప్యాడ్లకీ డిస్కులకీ మీరు పెట్టిన డబ్బు చూస్తే నాకు కష్టంగా ఉంది.

ప్రశ్న: బ్యాటరీ డౌన్ అయితే పక్కింటి వాళ్ల కారు నుంచి కేబుళ్లు పెట్టి స్టార్ట్ చేశాను. అప్పటి నుంచి ఏబీఎస్ లైటు వెలిగి ఉంది. కేబుళ్ల వల్ల ఏమైనా కాలిపోయిందా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కేబుళ్లు తిరగబెట్టి ఉండకపోతే భయం లేదు. వోల్టేజి సుమారు పదికి దిగువకి పోతే ఏబీఎస్ తనంతట తాను పని ఆపేసి లైటు వేస్తుంది. బ్యాటరీ పూర్తిగా చార్జి చేయించి, బండి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి, కాస్త దూరం నడిపి చూడండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉందో లేదో కూడా కొలిపించండి. అంతకంటే తక్కువ ఉంటే ముందు ఆల్టర్నేటర్ సంగతి చూడాలి.

ప్రశ్న: సార్, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా కారు చక్రాల సగం దాకా నీళ్లలో ఉంది. ఇంజిన్‌లోకి నీళ్లు రాలేదు, సర్వీసు చేయించి వాడుతున్నాం. కొన్ని నెలల తర్వాత ఏబీఎస్ లైటు వెలగడం, ఆరడం మొదలైంది. వర్షం పడితే తప్పకుండా వెలుగుతుంది, ఎండ కాస్తే ఆరిపోతుంది. స్కానర్‌లో సీ0045 అని వచ్చింది. ఎడమ వెనక సెన్సర్ మార్చమంటారా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇంకా మార్చకండి. సీ0045 అంటే ఎడమ వెనక చక్రం సెన్సర్ సర్క్యూట్ అని. ఆ చివరి మాట ముఖ్యం. సర్క్యూట్ అంటే సెన్సరూ కావచ్చు, కప్లరూ కావచ్చు, అక్కడి నుంచి యూనిట్ దాకా పోయే వైరూ కావచ్చు. వానకి వెలిగి ఎండకి ఆరుతోందంటే ముందుగా చూడాల్సింది కప్లర్, వైరు.

కప్లర్ విప్పి లోపలి పిన్నుల్ని ఫోన్ టార్చి వెలుతురులో చూడండి. రాగి చెంబుకి పట్టేలాంటి పచ్చటి చిలుము కనిపిస్తే మీ దొంగ దొరికినట్టే. వరద నీళ్లు ఆ రోజే ఆరిపోయాయి అనుకుంటాం గానీ, వైరు పైతొడుగు ఎక్కడైనా చిన్నగా కోసుకుపోయి ఉంటే నీళ్లు ఆ సన్నటి తీగల సందుల్లోంచి వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఎక్కి, తొడుగు లోపలే మెల్లగా తినేస్తాయి. బయటికి వైరు కొత్తదానిలా ఉంటుంది, వేళ్లతో వంచితే మాత్రం ఒకచోట మెత్తగా తగులుతుంది. నెలల తర్వాత లైటు రావడానికి కారణం ఇదే కావచ్చు.

కొలవడం గురించి ఒక జాగ్రత్త. సెన్సర్లు రెండు రకాలు, రెండింటికీ రెండు వైర్లే ఉంటాయి కాబట్టి చూసి చెప్పలేం. కప్లర్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వైరింగ్ వైపు కొలిస్తే 12 వోల్టులకి దగ్గరగా ఉందా, అయితే అది కొత్త రకం, దానికి బయటి నుంచి కరెంటు కావాలి. ఈ రకానికి ఓమ్‌లలో కొలిచి మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం తప్పు, మీటర్ ఏ అంకె చూపించినా దానికి అర్థం లేదు. దాన్ని పరీక్షించాలంటే మల్టీమీటర్‌ని ఒక వైరుకి వరుసలో కలిపి, చక్రాన్ని చేత్తో చాలా మెల్లగా తిప్పుతూ కరెంటు చూడాలి. సుమారు 7 మిల్లీ యాంపియర్లకీ 14కీ మధ్య అటూ ఇటూ గెంతుతుంటే సెన్సర్ బతికే ఉంది. పాత రకమైతే ఓమ్‌లు చూడొచ్చు, చాలావాటిలో 800 నుంచి 2000 మధ్య వస్తుంది, పుస్తకం దొరక్కపోతే కుడి వెనక సెన్సర్ కొలిచి దానితో పోల్చుకోండి, రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. తర్వాత మీటర్‌ని ఏసీ వోల్టులకి మార్చి చక్రాన్ని గట్టిగా తిప్పితే ఎంతో కొంత వోల్టేజి పుట్టాలి.

సెన్సర్ బాగుందని తేలితే యూనిట్ దగ్గరి పెద్ద కప్లర్ కూడా విప్పి, అక్కడి నుంచి చక్రం దాకా ఒక్కో వైరుకీ మీటర్‌ని బీప్‌లో పెట్టి చూడమనండి, వైరు తెగకుండా ఉంటేనే బీప్ వస్తుంది. బీప్ వస్తుండగా ఒకరు వైరుని జానెడు జానెడు చొప్పున వంచుతూ పోవాలి, శబ్దం తెగినచోటే లోపం. ముందు చక్రాలైతే స్టీరింగ్‌ని అటూ ఇటూ చివరిదాకా తిప్పుతూ చూడాలి. వెనక చక్రాలకైతే రెండింటినీ కలిపే ఇరుసు బీమ్ కదిలే చోట, వైరు క్లిప్పు ఊడి వేలాడే చోట చూడాలి. ఎలుకలు కొరికిన గుర్తులు కూడా చూసుకోండి. చిలుము పట్టిన భాగం పూర్తిగా కత్తిరించి, మంచి రాగి కనిపించేదాకా వెనక్కి వెళ్లి, కొత్త ముక్క టంకం వేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టంతో (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునేది) మూయాలి. ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి మెలి తిరిగి ఉంటే కొత్త ముక్కనీ అలాగే మెలి తిప్పాలి, పక్క వైర్ల నుంచి వచ్చే అలజడి సిగ్నల్‌లో కలవకుండా ఆ మెలికలే కాపాడతాయి. ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుట్టి వదిలేస్తే వచ్చే వానాకాలానికి మీరు నాకు మళ్లీ ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ప్రశ్న: ఎర్ర బ్రేక్ లైటు, పసుపు ఏబీఎస్ లైటు రెండూ కలిసి వెలుగుతున్నాయి. బ్రేకు మామూలుగానే పడుతున్నట్టుంది. శనివారం కుటుంబంతో తిరుమల వెళ్లాలి. ఏబీఎస్ లేకపోయినా మామూలు బ్రేకులు పనిచేస్తాయంటారు కదా, వెళ్లి వచ్చాక చూపించొచ్చా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దు. దయచేసి ఆ కారులో వెళ్లకండి. మీరు విన్న మాట పసుపు లైటు ఒక్కటే వెలిగినప్పటికి నిజం, అప్పుడు మామూలు బ్రేకులతో జాగ్రత్తగా షెడ్డు దాకా నడుపుకోవచ్చు. ఎర్రది కూడా తోడైతే హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో చూసి, వెంటనే బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం కనీస గీత కంటే కింద ఉంటే ఎక్కడో కారుతోంది, లేదా ప్యాడ్లు అడుగంటాయి. కారణం తెలియకుండా ఆయిల్ పోసేసి బయల్దేరకూడదు. మట్టం సరిగ్గా ఉండి కూడా రెండూ వెలుగుతుంటే ఈబీడీ ఆగిపోయి ఉండొచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బండి బరువంతా ముందుకి పడి వెనక చక్రాలు తేలికవుతాయి, ఆ సమయంలో వెనక బ్రేకు ఎక్కువైతే ముందుగా అవే జామ్ అయి, మలుపులో బండి వెనకభాగం పక్కకి తిరిగిపోతుంది. ఏబీఎస్, ఈబీడీ రెండూ లేని బండిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆ మలుపులు దిగొద్దు. బస్సులోనో రైలులోనో వెళ్లి రండి, కారు ఈలోగా షెడ్డులో ఉంటుంది.

ప్రశ్న: ఫోన్‌కి కలిపే చిన్న బ్లూటూత్ స్కానర్ కొన్నాను. మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలుగుతున్నా అది తప్పేమీ లేదు అని చూపిస్తోంది. ఏది నమ్మాలి? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లైటునే నమ్మండి. అలాంటి చవక స్కానర్లు, వాటి ఉచిత యాప్‌లు చాలావరకు ఇంజిన్ కోడ్లు మాత్రమే చదువుతాయి, వాటి ముందు పీ అక్షరం ఉంటుంది. బ్రేకులకి సంబంధించినవి సీ అక్షరంతో మొదలవుతాయి, వాటిని చదవాలంటే మీ కారు ఏబీఎస్ యూనిట్‌తో మాట్లాడగలిగే స్కానర్ కావాలి. షెడ్డుకి వెళ్లేముందే "ఏబీఎస్ లైవ్ డేటా చూపిస్తుందా" అని అడిగి వెళ్లండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. పన్నెండేళ్ల సెడాన్, కుడి ముందు సెన్సర్ పోయిందని తేలింది. సొంతంగా మార్చుకుందామని చూస్తే బోల్టు వచ్చింది కానీ సెన్సర్ మాత్రం తుప్పుకి అతుక్కుపోయి అంగుళం కూడా కదలడం లేదు. – ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: చలికాలంలో అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు చేసిన పనే ఇది, మన ఊళ్లలో ఇంత గట్టిగా పట్టడం అరుదు. ప్లాస్టిక్ తలని ప్లయర్‌తో పట్టి తిప్పకండి, తల ఊడి చేతికి వస్తుంది, కాడ లోపల మిగిలిపోతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు బోల్టు పట్టే చెవి దగ్గర సన్నటి ఉలితో కిందినుంచి చుట్టూ కొద్దికొద్దిగా లేపుతూ రండి. డిస్క్ తీసేస్తే వెనక నుంచి తోసే దారి కొన్ని కార్లలో దొరుకుతుంది. పాతది ఎలాగూ పోయింది కాబట్టి అది విరిగినా ఫర్వాలేదు, దాని కింద రింగు గానీ అయస్కాంతపు పట్టీ గానీ దెబ్బతినకుండా చూసుకోవడమే ముఖ్యం. డ్రిల్ వేయాల్సి వస్తే లోతు కొలుచుకుని వేయండి, బిట్ కొస అవతలికి దిగితే పట్టీ చిరుగుతుంది. కొత్తది పెట్టేముందు రంధ్రాన్ని లోహం మెరిసేదాకా శుభ్రం చేసి, కాడకి మాత్రం పల్చగా బ్రేకులకి వాడే సిరామిక్ గ్రీజు రాయండి, కొసకి రాయకండి. కొనేముందు ఒకటి చూసుకోండి, అమెరికాలో అమ్మే చాలా కార్లకి హబ్, బేరింగ్, సెన్సర్ అన్నీ కలిపి ఒకే ముక్కగా వస్తాయి, మీదీ అదే రకమైతే ఈ కుస్తీ అక్కర్లేదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్నాను. ఏబీఎస్ బాగుందో లేదో కొనేముందే తెలుసుకోవడం ఎలా? – ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మీటర్ బోర్డు చూడండి. ఏబీఎస్ లైటు వెలిగి, మూడు సెకన్లు అటూ ఇటూగా ఉండి ఆరిపోవాలి. లోపాన్ని దాచడానికి కొందరు బల్బు తీసేస్తారు, టేపు అంటిస్తారు, లేదా ఆ వైరుని వేరే లైటుకి కలిపేస్తారు, అందుకే లైటు అసలు వెలగకపోవడం కూడా లోపం కిందే లెక్క. ఇంజిన్ స్టార్ట్ అయి ఆయిల్ లైటు ఆరిన క్షణానికే అదీ ఆరితే కూడా అనుమానించండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, 40 వేగంలో బ్రేకు ఒక్కసారిగా గట్టిగా నొక్కి వదలకుండా ఉంచండి. పెడల్ కాలి కింద టకటకమని కొట్టుకుంటుంది, అది ఆరోగ్యమే, భయపడి కాలు తీయకండి. బయల్దేరిన కొత్తలో బండి కాస్త వేగం అందుకోగానే బానెట్ కింద చిన్నగా గుర్రుమని వినిపిస్తే అదీ మామూలే, యూనిట్ తన మోటారుని తాను పరీక్షించుకుంటోంది.

ప్రశ్న: సార్, మీరు ఎప్పుడూ యూనిట్ చివర్లో అంటారు. మాకు నిజంగానే అది పోయిందంటున్నారు, సీ0110, పంపు మోటారు అని వచ్చింది. పాత సామాను కొట్లో అదే మోడల్ యూనిట్ చవకగా ఉంది, వేయించుకోవచ్చా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: యూనిట్లు నిజంగా పోతాయి, కాదనను. అయినా మీది పోయిందనడానికి ముందు మూడు చూడాలి. మోటారుకి విడిగా పెద్ద ఫ్యూజు ఉంటుంది, చాలా కార్లలో 40 యాంపియర్లది, దాన్ని చూసి వదిలేయకుండా మీటర్ పెట్టాలి. రెండోది యూనిట్ ఎర్త్ వైరు బాడీకి కలిసే బోల్టు, అక్కడ తుప్పు ఉంటే మోటారు తిరగబోయినప్పుడు వోల్టేజి కూలిపోయి ఇదే కోడ్ వస్తుంది, విప్పి గీకి బిగించాలి. మూడోది, స్కానర్‌తో మోటారుని నేరుగా తిప్పించి చూడటం, చాలా స్కానర్లలో ఆ సౌకర్యం ఉంటుంది. కప్లర్ దగ్గర వోల్టేజి నిండుగా వస్తూ, ఎర్త్ బాగుండి, మోటారు మాత్రం కదలకపోతే అప్పుడు యూనిట్ అనండి, నేనూ ఒప్పుకుంటాను.

అప్పుడు కూడా వెంటనే మార్చక్కర్లేదు. లోపల టంకం చిట్లడం, మోటారు కార్బన్ బ్రష్‌లు అరగడం లాంటివి బాగుచేసే ఎలక్ట్రానిక్స్ వాళ్లు పెద్ద ఊళ్లలో ఉన్నారు, వారంటీ రాసిస్తారేమో అడిగి ఇవ్వండి. పాత సామాను కొట్లో యూనిట్ తీసుకుంటే మోడల్ పేరు ఒకటే అయితే చాలదు, యూనిట్ మీద ముద్రించిన పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి, చాలా కార్లలో స్కానర్‌తో కోడింగ్ కూడా చేయాలి. అది ఎన్నాళ్లు మూతల్లేకుండా షెల్ఫులో పడి ఉందో కూడా చూడండి. నాలుగు చక్రాలకి రెండేసి చొప్పున లోపల ఎనిమిది వాల్వులుంటాయి, గొట్టాల రంధ్రాలు తెరిచి ఉంటే తేమ వెళ్లి అవి తుప్పుకి బిగుసుకుపోతాయి. రంధ్రాలకి ప్లాస్టిక్ మూతలు లేని యూనిట్‌ని నేనైతే కొనను.

వేశాక ఎయిర్ తీయడం మామూలు పద్ధతిలో నాలుగు చక్రాల దగ్గరే తీసి వదిలేస్తే చాలా కార్లలో యూనిట్ లోపల గాలి మిగిలిపోయి పెడల్ మెత్తగా దిగుతుంది. స్కానర్‌లో ఏబీఎస్ బ్లీడింగ్ అని ఉంటుంది, అది మోటారునీ వాల్వుల్నీ తిప్పుతుండగా ఎయిర్ తీయాలి. అదే పనిలో పనిగా ఆయిల్ మొత్తం కొత్తది పోయించండి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది, ఆ తేమే వాల్వుల్నీ తింటుంది. సీసా మూత ఆ రోజే తీసినది అయి ఉండాలి, షెడ్డు మూలన సగం మిగిలిన సీసా వద్దని చెప్పండి. పోసేటప్పుడు ఫెండర్ మీద గుడ్డ పరిపించండి, ఒక్క చుక్క పడినా పెయింట్ లేచిపోతుంది, పడితే తుడవడం కంటే ముందు నీళ్లు పోసి కడిగేయాలి.